బుర్రావారింటికి పడుకోడానికొచ్చిన పిల్లలు

ఏటిగట్టుపేటలో బుర్రావారంటే తెలియనివాళ్ళు లేరు. "అందరికీ బుర్ర తలకాయలో ఉంటుంది, మాకు ఇంటిపేరులోనే ఉంది," అని నూకరాజు కనిపించినవాళ్ళకల్లా చెప్పేవాడు. కొబ్బరితాళ్ళు పేనడం అతని పని. తల్లి పైడమ్మ, తమ్ముడు అప్పలకొండ, భార్య వరహాలమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు నాగవేణి, ఇంతే ఆ ఇల్లు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడాన్ని మించిన తెలివి లేదని పైడమ్మ నమ్మకం. ఇంటిల్లిపాదీ ఆ నమ్మకం మీదే బతుకుతున్నారు. కాపురానికొచ్చిన కొత్తలో వరహాలమ్మకి కాస్త అనుమానం ఉండేది గానీ, పదేళ్ళలో అదీ పోయింది.

నాగవేణి తన క్లాసులో చదివే చందన వాళ్ళింట్లో రెండుసార్లు పడుకుని వచ్చింది. చందన మాత్రం ఒక్కసారీ ఇటు రాలేదు. ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"అందరిళ్ళకీ పడుకోడానికి పిల్లలొస్తారు. మనింట్లోనే ఎవరూ పడుకోరు."

"అలా అంటావేంటే, నిన్న మధ్యాహ్నం నేను పడుకున్నాను కదా," అని అప్పలకొండ ఓదార్చాడు.

వరహాలమ్మ మాత్రం ఆ పూట ముద్ద మింగలేకపోయింది. కూతురికి స్నేహితులు లేకుండా పోతారేమోనని దిగులు పట్టుకుంది. సాయంత్రం పిల్లని వెంటబెట్టుకుని రెండు వీధుల అవతలున్న చందన తల్లి కుసుమ దగ్గరకి వెళ్ళి అడిగింది. బుర్రావారి సంగతి కుసుమకి తెలుసు. కాదందామనే నోరు తెరిచింది. తల్లి చీర కొంగు చాటునుంచి తననే చూస్తున్న నాగవేణి మొహం కనిపించేసరికి మాట మారిపోయింది.

"శనివారం పంపిస్తాలెండి," అంది.

శనివారం సాయంత్రం కుసుమ ముగ్గుర్ని తీసుకొచ్చింది. చందన, చందన తమ్ముడు అయిదేళ్ళ ధీరజ్, వాళ్ళ పిన్ని కూతురు మాధురి. గుమ్మంలో నిలబడి వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిల్లలు జాగ్రత్తండీ. కంటికి రెప్పలా చూసుకోండి. ఏ అవసరమొచ్చినా నాకు ఫోన్ చెయ్యండి."

"మీరింతగా చెప్పాలా," అంది వరహాలమ్మ.

కుసుమ వీధి మలుపు తిరిగిందో లేదో నలుగురూ వసారాలో సమావేశమయ్యారు.

"కంటికి రెప్ప ఏం చేస్తుంది?" అని అడిగాడు నూకరాజు.

"మూస్తుంది, తెరుస్తుంది," అంది పైడమ్మ.

అంతే. చందన వెనక వరహాలమ్మ, మాధురి వెనక పైడమ్మ, ధీరజ్ వెనక అప్పలకొండ చేరారు. పిల్లల కళ్ళకి అరచేతులు అడ్డంపెట్టి మూయడం, తియ్యడం, మూయడం, తియ్యడం. పిల్లలు ఎటు నడిస్తే అటు పెద్దవాళ్ళు. నాగవేణి ఇంటిపిల్లే కదా, దాని రెప్పలు దానికి చాలని వదిలేశారు. మొదట్లో పిల్లలకి ఇదేదో కొత్త ఆట అనిపించి కిలకిలా నవ్వారు. కానీ అప్పలకొండకి తుమ్ము వచ్చింది. తుమ్మేటప్పుడు తన రెప్పలతోపాటు ధీరజ్ రెప్పలు కూడా గట్టిగా మూశాడు. ఇంకేముంది, వాడు నేరుగా వంటింట్లోకి నడిచి పప్పుగిన్నెని తన్నాడు. అదృష్టం బాగుండి అది అప్పటికే చల్లారింది. పప్పంతా నేలపాలు. ధీరజ్ కాలికి పోపులో ఎండుమిరపకాయ అంటుకుంది తప్ప దెబ్బ తగల్లేదు.

వరహాలమ్మ కంగారుగా కుసుమకి ఫోన్ చేసింది.

"పప్పు ఒలికిపోయిందండీ. అన్నం, పెరుగు ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?"

"దానికేముందండీ, పెరుగన్నం కలిపి తలా ఒక ముద్ద పెట్టండి, చాలు," అంది కుసుమ.

వరహాలమ్మ ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించింది. పట్నం చదువు చదివిన మనిషి, ఊరికే చెప్పదు. బేసిన్ నిండా పెరుగన్నం కలిపింది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి తల మీదా ఒక్కొక్క ముద్ద పెట్టింది.

"ఆంటీ, ఇది నోట్లో పెట్టాలి," అంది చందన.

"మీ అమ్మ తల అనే చెప్పిందమ్మా. నోరు అనలేదు."

"చలవ చేస్తుందిలే," అంది పైడమ్మ. "మా కాలంలో తలకి నూనే పెట్టేవారు. ఇప్పుడు పెరుగు కాబోలు."

ముద్ద జారి చెవి మీదకి వచ్చినప్పుడల్లా నూకరాజు దాన్ని మళ్ళీ నడినెత్తికి నెట్టాడు. మాధురి పక్కకి వంగి చందన తల మీద మెతుకులు నాకి చూసి, ఉప్పు సరిపోయిందంది. దాంతో పిల్లలు నలుగురూ ఒకరి తల ఒకరు తినడం మొదలుపెట్టారు. "మీ పిల్లలు మా పిల్ల తల తినేస్తున్నారని రేపు కుసుమగారితో చెప్పకు, బాధపడుతుంది," అని నూకరాజు భార్యని హెచ్చరించాడు. ఆపైన నూతి దగ్గర తలంట్లు, తలో రెండు అరటిపళ్ళు. కడుపులు నిండాయి.

పక్కలు పరిచేవేళకి కుసుమే ఫోన్ చేసింది. ఆవిడ మనసు నిలవడం లేదు.

"అంతా బాగుందాండీ? మా ధీరజ్‌కి కొత్తచోట నిద్ర పట్టదు. లైటు తీసేసి పక్కన కూర్చోండి, మెల్లగా అదే పడుతుంది."

లైటు తీసెయ్యడం పెద్ద పని కాదు. నూకరాజు స్టూలెక్కి ట్యూబులైటు ఊడబీకాడు. దాన్ని తీసుకెళ్ళి పెరట్లో కొబ్బరిపీచు మీద పడుకోబెట్టి, చలిగా ఉంటుందని గోనెపట్టా కప్పి వచ్చాడు. చీకట్లో నలుగురు పెద్దవాళ్ళూ పిల్లల చుట్టూ కూర్చున్నారు. చిక్కంతా రెండో మాట దగ్గర వచ్చింది.

"పిల్లాడికి నిద్ర పట్టదంట," అంది వరహాలమ్మ.

"అయిదేళ్ళవాడు, ఏం పడతాడు పాపం. చేతులు ఇంతింతే ఉన్నాయి," అన్నాడు నూకరాజు.

"మరి అదే పడుతుందని కూడా అంది."

"పడితే మంచిదే. పడినప్పుడు పట్టుకునేవాళ్ళు ఉండొద్దూ?" అన్నాడు అప్పలకొండ. "నన్నడగండి పట్టడమంటే. ఏట్లో నేను పట్టని చేప లేదు."

వెళ్ళి విసురువల తెచ్చాడు. గడపలో నిలబడి, నిద్ర ఎటునుంచి వస్తుందని తల్లిని అడిగాడు. తనకైతే మోకాళ్ళనుంచి వస్తుందని పైడమ్మ చెప్పింది. అంతే, అప్పలకొండ వల తిప్పి విసిరాడు. గదంతా విప్పుకుని వల పిల్లల మీద, పైడమ్మ మీద, ఇంటి పిల్లి మీద పడింది. పిల్లి ఒక మూలకీ, పైడమ్మ ఇంకో మూలకీ లాగారు. పిల్లలకి నవ్వు ఆగలేదు. వలలోపల దొర్లారు, చేపల్లాగా నోళ్ళు తెరిచారు, మూశారు. ధీరజ్ తనని తాను బొమ్మిడాయి అనుకుని చాలాసేపు ఈదాడు. ఈది ఈది అలిసిపోయి అక్కడే ముడుచుకుని నిద్రపోయాడు. కాసేపటికి మిగతావాళ్ళూ పడుకున్నారు.

"చూశావా వదినా," అన్నాడు అప్పలకొండ లోగొంతుతో. "ఒక్క విసురుకి నాలుగు నిద్రలు పడ్డాయి. అమ్మది కూడా కలిపితే అయిదు."

వరహాలమ్మ చీకట్లో కూతురి మొహం తడిమింది. నిద్దట్లో కూడా నాగవేణి చెయ్యి చందన చేతిలోనే ఉంది. ఎన్నాళ్ళకో ఆవిడ గుండె నెమ్మదించింది.

తెల్లారి ఏడున్నరకి మళ్ళీ ఫోన్.

"లేచారాండీ పిల్లలు?"

"లేదండీ, ఇంకా వలలోనే ఉన్నారు."

కుసుమ గబగబా అంది: "వెంటనే లేపండి. లేపి, ఎనిమిదింటికల్లా మా గుమ్మం ముందు దింపెయ్యండి."

ఇంకేముంది. వల తీశారు. నూకరాజు ధీరజ్‌ని రెండు చేతులతో తల పైకి లేపాడు. అప్పలకొండ మాధురిని లేపాడు. వరహాలమ్మ చీర దోపుకుని చందనని భుజం మీదకి లేపింది. ధీరజ్ గాల్లోనే ఆవులించాడు.

"నేను లేచాను ఆంటీ. కిందకి దించండి, నడుస్తాను," అంది చందన.

"వద్దమ్మా. దింపడం మీ గుమ్మం ముందే."

కానీ బుర్రావారి గుమ్మం పొట్టిది. పిల్లల్ని ఎత్తుకుని నిలబడితే పట్టరు. దింపుదామంటే ఇది కుసుమగారి గుమ్మం కాదు. గోడ పగలగొడదామా అని అప్పలకొండ గునపం కోసం చూశాడు. చేతులు ఖాళీ లేక ఆ ఆలోచన మానుకున్నాడు. చివరికి ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరి వెనక ఒకరు దేకుతూ గడప దాటారు. లేచి నిలబడటానికే చాలా సేపు పట్టింది. ముందు నాగవేణి, వెనక పైడమ్మ, మధ్యలో ఆకాశంలో ముగ్గురు పిల్లలు. వీధిలోవాళ్ళు ఏదో ఊరేగింపనుకుని పక్కకి తప్పుకున్నారు. ధీరజ్ దారిపొడుగునా అందరికీ చెయ్యి ఊపాడు. వరహాలమ్మకి భుజాలు పడిపోతున్నాయి. అయినా అడుగుకో సారి తనకి తనే చెప్పుకుంది, ఈ పిల్లల్ని సరిగ్గా అప్పజెబితే నా పిల్ల ఇంటికి మళ్ళీ వస్తారు అని.

తొమ్మిదింటికి కుసుమ గుమ్మం ముందు ముగ్గుర్నీ దింపారు. కుసుమ ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. ఎక్కడా గీరైనా లేదు. చందన తల్లి కొంగు పట్టుకుని, వచ్చే శనివారం కూడా వెళ్తామంది. ధీరజ్ అప్పటిదాకా ఆగలేనన్నాడు. నాగవేణి మొహం విప్పారిపోయింది. అది చూసి వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

కుసుమ ఊపిరి పీల్చుకుని మెట్టు మీద కూలబడింది.

"ఎంత భయపడ్డానో తెలుసాండీ. ఎనిమిదన్నది తొమ్మిదయ్యేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

వరహాలమ్మ గబగబా మెట్టు దగ్గరకి వచ్చింది. తమవల్లే కదా ఇంత పని జరిగింది.

"అత్తా, నువ్వు కాళ్ళు పట్టుకో," అంది.

కుసుమ వద్దనేలోపే పైడమ్మ ఆవిడ కాళ్ళు రెండూ ఒడిలోకి తీసుకుని పైకీ కిందకీ ఆడించడం మొదలుపెట్టింది. వరహాలమ్మ చేతులందుకుని అటూ ఇటూ ఊపింది. పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

"వదలండి, ఆడుతున్నాయండీ, బాగానే ఆడుతున్నాయి," అంటోంది కుసుమ.

"మేం ఆడిస్తున్నాం కాబట్టి ఆడుతున్నాయమ్మా, వాటంతట అవి కాదు," అంది వరహాలమ్మ చెమట తుడుచుకుంటూ. "ఏమండీ, మీరు వెళ్ళి ఇంత అన్నం వండి పట్టుకురండి. మేమిద్దరం సాయంత్రందాకా ఇక్కడే ఉంటాం. అప్పలకొండా, నువ్వు చీకటి పడ్డాక వచ్చి అత్తని మార్చు."