కనుమ దగ్గర పొగడ చూపిన దండ

ఎర్రకొండకూ పచ్చికబయలుకూ మధ్య ఒక ఏరు. ఏరు దాటగానే కొండలోకి వెళ్ళే ఇరుకు కనుమ. ఆ కనుమ దగ్గర ఒక ముసలి అడవిదున్న కాపలా ఉండేవాడు. కొండలో పుట్టినవాళ్ళ మెడలో గురివింద దండ ఉండేది, బయలు మందలో చేరినవాళ్ళ మెడలో గవ్వల దండ. రెండూ ఉన్నవాళ్ళు కొద్దిమందే. అలాంటి వాళ్ళలో పొగడ అనే దుప్పి ఒకతి. పుట్టింది కొండలో. కరువు ఏడాది మేత వెతుక్కుంటూ ఏరు దాటి, బయలు మందలో కలిసి, అక్కడే ఉండిపోయింది.

ఒకనాడు గువ్వ ఒకటి కబురు తెచ్చింది. పొగడ అక్క సంపెంగను గుంపుగా వేటాడే రేచుకుక్కలు చంపేశాయి. అప్పుడప్పుడే గడ్డి కొరకడం నేర్చిన కూన ఒంటరిదైపోయింది. పొగడ మేస్తున్న మేత వదిలేసి బయల్దేరింది.

ఏటి రేవులో నక్క ఎదురొచ్చాడు. వచ్చేపోయేవాళ్ళకు దారి చెప్పి మంచివాడనిపించుకోవడం అతని పని.

"కూన కోసమేనా అక్కా? పాపం, సంపెంగ మంచిది" అన్నాడు. "ఇంతకీ ఏ దండ చూపిస్తావు?"

"పుట్టిన చోటికి పోతున్నా. గురివిందే కదా చూపించాలి?"

"ఏ ఎండకా గొడుగు పట్టాలి. గురివింద చూపించావో, వేసవంతా కొండగట్టు మీద రేచుకుక్కలు రాకుండా కాపలా కాసే వంతు నీ మెడకు చుట్టుకుంటుంది. వంతు తీరేదాకా కనుమ దాటనివ్వరు. గవ్వలు చూపించు. చుట్టానికి వంతూ లేదు, వాయిదా లేదు. తిన్నంత తిని, చూడాల్సిన వాళ్ళను చూసి, ఎప్పుడు పోవాలంటే అప్పుడు పోవచ్చు. చుట్టానికి కొండవాడొకడు పూచీ పడాలి, అంతే. నేను లేనూ?"

పొగడకు బయలు మంద గుర్తొచ్చింది. తిరిగి రావడం ఆలస్యమైతే అక్కడ ఏమనుకుంటారో. గట్టు మీది ఎండ కూడా గుర్తొచ్చింది. గురివింద దండను మెడ కింది వెంట్రుకల్లోకి తోసేసి, గవ్వలు పైకి లాక్కుంది.

దున్న ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "ఏ దండ మీద వస్తున్నావమ్మాయ్?"

"గవ్వల మీద, మామా."

"పూచీ ఎవరు?"

"నేనే" అన్నాడు నక్క.

దున్న పక్కకు జరిగాడు.

మంద చివర, అందరికీ వెనకగా, కుంటుకుంటూ నడుస్తోంది కూన. పొగడను చూడగానే ముక్కుతో ఆమె డొక్కను తడిమింది.

"అమ్మ వాసనే వస్తోంది" అంది.

"నేను మీ పిన్నిని. ఇంత వెనకబడ్డావేమే?"

"తల్లి ఉన్నవాళ్ళు తల్లి పక్కన నడుస్తారు. లేనివాళ్ళు చివర నడవాలంట. నాకేం భయం లేదు పిన్నీ. నక్క మావయ్య రోజూ నా వెనకే వస్తాడు. కాలు నొప్పెడుతోందా, ఇంకా ఎంతదూరం నడవగలవు అని అడుగుతుంటాడు."

నక్క దేనికోసం కాచుకున్నాడో పొగడకు అర్థమైంది. కూనను తన పక్కకు తీసుకుని మంద మధ్యలోకి నడవబోయింది. మందను నడిపించే ముసలి దుప్పి అడ్డంగా నిలబడింది.

"చుట్టానివి, మేత మేయి, నీళ్ళు తాగు. కొండ పిల్లను పక్కన నడిపించుకునే హక్కు కొండవాళ్ళకే ఉంటుంది."

పొగడ పరుగున కనుమ దగ్గరికి వచ్చి గురివింద దండ బయటికి తీసింది. "మామా, నేను సంపెంగ చెల్లెలిని. నన్ను గుర్తుపట్టలేదా?"

"రేవులో ఉండగానే పట్టాను" అన్నాడు దున్న. "గుర్తు పట్టొద్దని గవ్వలు చూపించింది నువ్వే. ఏ దండ మీద లోపలికి వస్తే, బయటికి పోయేదాకా అదే నువ్వు. కావాలంటే ఏరు దాటి మళ్ళీ రా."

నక్క మెత్తగా దగ్గరికి వచ్చాడు. "వెళ్ళిరా అక్కా. నువ్వొచ్చేదాకా కూనను నేను కనిపెట్టుకుని ఉంటాగా."

పొగడ కోపం మింగేసింది. దున్న వైపు తిరిగింది.

"మామా, చుట్టాన్ని తిరిగి సాగనంపేది ఎవరు?"

"పూచీ పడ్డవాడే. అవతలి గట్టు దాకా వెళ్ళి, చుట్టం దాటిందని వచ్చి నాతో చెప్పాలి."

"అయితే పూచీ పడ్డ ఈ తమ్ముడు నాతో రావాలి కదా."

నక్క ముఖం మాడిపోయింది. కాలు బెణికిందన్నాడు. ఏటి నీళ్ళు పడవన్నాడు. దున్న కొమ్ములు దించేసరికి ముందుకు కదిలాడు. దారంతా కుడితిలో పడ్డ ఎలుకలా గింజుకుంటూ నడిచాడు. పొగడ అతని వెనకే నడిచింది, ఒక్క అడుగు కూడా పక్కకు పోనివ్వలేదు.

అవతలి గట్టున పొగడ ఆగింది. పచ్చిక మోకాలెత్తున ఊగుతోంది. దూరంగా తన మంద మేస్తోంది. ఇక్కడే ఉండిపోతే ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఆ మందను కళ్ళారా చూసి, మళ్ళీ నీళ్ళలోకి దిగింది. నక్క తడిసిన తోకతో వెనకే వచ్చాడు.

"ఏ దండ మీద?" అన్నాడు దున్న.

"గురివింద."

"ఆలోచించుకునే చెప్తున్నావా? రేచుకుక్కలు చుట్టుముడితే బయలు మంద నీకోసం ఏరు దాటి రాదు. వంతు తీరేదాకా నువ్వూ అటు పోలేవు."

"తెలుసు మామా. మొదటిసారే ఇదంతా తూచి చూసి భయపడ్డాను. అందుకే గవ్వలు పట్టుకొచ్చాను. కానీ కుంటుతున్న కూన వెనక రోజూ ఈ నక్క నడుస్తున్నాడు."

దున్న దారి ఇచ్చాడు. నక్క దూరబోతే మాత్రం కొమ్ము అడ్డం పెట్టాడు. "నువ్వు ఆగు. కూన వెనక రోజూ ఎందుకు నడుస్తున్నావో మందకు చెప్పి అప్పుడు లోపలికి పో."

నక్క వెనక్కి తిరిగాడు. ఏటి గట్టు పట్టుకుని ఎటో వెళ్ళిపోయాడు.

ఆ వేసవి పొగడకు కష్టంగానే గడిచింది. కొండగట్టు మీద రాళ్ళు కాలాయి, మేత ఎండింది, రేచుకుక్కలు రెండుసార్లు వచ్చాయి. కేక వేయగానే కొండంతా కదిలి వచ్చింది. ఎండ తగ్గిన సాయంత్రాల్లో బయలు వైపు చూస్తే ఆమె మనసు లాగేది. అలా లాగినప్పుడల్లా పక్కన కూన మేస్తున్న చప్పుడు వింటూ నిలబడేది.

నీతి: సొంతింటికి చుట్టంలా వస్తే విస్తరి దొరుకుతుంది, వరస దొరకదు.