దేవుడికి ఏరిన కిస్‌మిస్

పూర్ణయ్యగారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేస్తూ చేస్తూ సగంమంది శిష్యులు అడిగిన సంగతే మరిచిపోతారు. మిగతా సగం అడగకుండా ఉంటే బాగుండేదనుకుంటారు. కిస్‌మిస్ టోకు వ్యాపారి కూర్మారావు ఆ రెండో రకంలో చేరాడు, ముసురు పట్టిన ఒక సాయంత్రం.

ఆ ఉదయమే ఆహార భద్రతా అధికారులు వచ్చి అతని గోదాం తెరిపించారు. బస్తాలు కోసి చూస్తే పురుగులు, ఎలుక పెంటికలు, బూజు. ఉన్న సరుకంతా జప్తు చేసి తలుపుకి సీలు వేశారు. అంతటితో పోతే కూర్మారావు తట్టుకునేవాడే. అతను పంపిన కిస్‌మిస్ వేసి వండిన పాయసం తిని ఆడపిల్లల హాస్టల్లో పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అందరూ తేరుకున్నారు గాని, ఒక్క పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. ఊళ్ళో ఎవరికీ ముఖం చూపించలేక అతను తిన్నగా ఆశ్రమానికి వచ్చి గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు. నీ తప్పు లేదని ఆయన ఒక్కమాట అంటే చాలు, ఈ రాత్రికి కంటిమీద కునుకు పడుతుందని ఆశ.

"తెలియక జరిగినదానికి కూడా పాపం అంటుకుంటుందా గురువుగారూ? కట్టిన బస్తాలో ఏముందో నాకేం తెలుస్తుందండీ? వచ్చిన సరుకు వచ్చినట్టే పంపేశాను. ఇవీ ఆ సరుకులోవే, మీరే చూడండి" అంటూ కొట్లో నమూనాకి ఉంచిన పిడికెడు కిస్‌మిస్ కండువా మూటలోంచి తీసి చూపించాడు.

పూర్ణయ్యగారు వాటివైపు చూడనైనా లేదు. వంటింట్లో నైవేద్యానికి పాయసం ఉడుకుతోంది.

"దించే వేళయింది. అవి తీసుకెళ్ళి అందులో వెయ్యి నాయనా" అన్నారు.

కూర్మారావు లేచాడు. గడప దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"ఇవి కాదండీ. స్వామివారికి వేరే డబ్బా పంపించాను కదండీ. ప్రతి ఏకాదశికీ మా ఆవిడ ఆదిలక్ష్మీ నేనూ కూర్చుని ఒక్కొక్కటే ఏరి పంపిస్తామండి. నైవేద్యంలో నలుసు కూడా ఉండకూడదని మా నాన్నగారి నాటి నుంచీ మా ఇంట్లో ఆచారం." ఆ మాట చెప్పేటప్పుడు, అంత దుఃఖంలోనూ, అతని గొంతులో కాస్త గర్వం ఉంది.

"మంచి ఆచారమే. ఏరేసినవి ఏం చేస్తారు?"

కూర్మారావుకి ఇంట్లో చేట కళ్ళకు కట్టింది. మెరిసే పళ్ళన్నీ డబ్బాలోకి వెళ్ళేవి, పురుగు తొలిచినవీ బూజు పట్టినవీ చేటలో మిగిలేవి. ఆదిలక్ష్మి వాటిని పెరట్లో పారబోయడానికి లేస్తే, "అదేం పని, బస్తాలో పొయ్యి" అన్నది తనే. ప్రతి ఏకాదశికీ అన్నాడు. దేవుడికి అపచారం జరగలేదన్న తృప్తితో అన్నాడు. ఆ బస్తా మూతి కుట్టించి హాస్టలుకు పంపిందీ తనే. గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పూర్ణయ్యగారు ఓదార్చలేదు. పాయసం తనే దించుకుని, కిస్‌మిస్ వెయ్యకుండానే నైవేద్యం పెట్టి వచ్చారు. చాలాసేపటికి కూర్మారావు తల ఎత్తి, "మరి నా ప్రశ్నకి..." అన్నాడు.

"ఆసుపత్రిలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంటుంది. వెళ్ళి ఆవిణ్ణి అడుగు" అన్నారాయన.