గుర్రం తిరిగొచ్చిన పద్యం

మేఖల వాళ్ళ నాన్న సంవత్సరీకం దగ్గరపడింది. ఆ రోజు భోజనాలకు ముందు ఆయన గురించి నాలుగు మాటలు రాసి చదవమని వాళ్ళమ్మ సుభాషిణి అడిగింది.

మేఖల రాసింది. చింపి మళ్ళీ రాసింది. రాసిన ప్రతిసారీ బాగానే వచ్చింది. ఆ పిల్ల కష్టమంతా అదే.

మేనమామ ప్రభాకర్ చదివి, "ఏం రాసినావు పాపా! పత్రికకు పంపొచ్చు," అన్నాడు. పిన్ని ఫోన్లో చదివించుకుని కళ్ళొత్తుకుంది. వాళ్ళమ్మ మాత్రం వంటింటి గడప దగ్గర నిలబడి మొత్తం విని, "బాగుందమ్మా," అని లోపలికి వెళ్ళి కందిపప్పు కడగడం మొదలుపెట్టింది.

ఆ పప్పు కడిగిన చప్పుడు మేఖల మనసులో పడిపోయింది. మర్నాడు కాగితం తీసుకుని మస్తాన్ వలీ సార్ దగ్గరికి వెళ్ళింది.

మస్తాన్ వలీ సార్ ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనారు. ఆ ఊళ్ళో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. లెక్కలూ సైన్సూ ఎట్లాగో అమ్మానాన్నలే చెప్పుకుంటారు. పాత కావ్యాలు చెప్పాలన్నా, పిల్లల రాతలు దిద్దాలన్నా సార్ ఇంటికి పంపుతారు. వచ్చేవాళ్ళంతా పదిహేను పదహారేళ్ళ పిల్లలు. వరండాలో చాప వేసుకుని కూర్చుంటారు.

మేఖలను ఇంటి చదువులో పెట్టింది వాళ్ళ నాన్న కృపాకరే. హాస్టలు బడిలో ఆ పిల్ల అన్నం మానేసి పుల్లలా అయిపోతే, ఒక ఆదివారం వెళ్ళి పెట్టెతో సహా ఇంటికి తెచ్చేసుకున్నాడు. పొద్దున పూట తనే పాఠం చెప్పి, ఆ తర్వాత స్కూటర్ మీద తన డ్రిప్పు పైపుల దుకాణానికి పోయేవాడు. సార్ ఇంటి దారి చూపించింది కూడా ఆయనే. ఒక సాయంత్రం దుకాణంలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

కర్మలు అయిన మర్నాడే మేఖల పాఠానికి వచ్చింది. "ఎంత ధైర్యం గల పిల్ల!" అన్నారు అందరూ. వాళ్ళమ్మను చూసుకుంది, చుట్టాలకు కాఫీలు పెట్టింది, నోట్సులు రాసుకుంది. ఆ పిల్ల ఏడవగా చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు సార్ దగ్గర ఉన్న పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఇక మీద జరిగే కథ అర్థం కాదు.

పురాణం చదివేవాళ్ళు చావు ఘట్టం దగ్గర పుస్తకం మూయరు. ఎందుకంటే, వినడానికి వచ్చినవాళ్ళు అక్కణ్ణించి లేచి ఇళ్ళకు పోతారు కదా! చావు దగ్గర ఆపితే ఆ దుఃఖం వాళ్ళ వెంటే ఇంటిదాకా వస్తుందని నమ్మకం. అందుకని పొద్దుపోయినా సరే ఇంకాస్త ముందుకు చదువుతారు. ఎవరైనా పుట్టాలి, వాన కురవాలి, కనీసం ఎవరో ఒకరు లేచి దీపం పెట్టాలి. అప్పుడు పుస్తకం గుడ్డలో చుట్టి కడతారు. సార్‌కు ఈ పద్ధతి తన గురువు తిరువేంగళాచార్యుల అరుగు మీద అబ్బింది. అప్పట్నించీ ఏనాడూ తప్పలేదు.

పిల్లల్లో జయంత్ అని ఒకడున్నాడు. వాడికి నోరూ ఆకలీ రెండూ ఎక్కువే. "ఈ కవి ఎవర్నన్నా చంపినప్పుడల్లా మనకు పాఠం పొడుగైతాంది సార్. అక్కడ మా ఇంట్లో ఉగ్గాణి చల్లారిపోతాంది. మా మీద ఆయనకేం పగ?" అనేవాడు.

మేఖలకు మాత్రం ఆ పద్ధతి చాలా ఇష్టం. తన వంతుకు అట్లాంటి పద్యం వస్తే పదాలు విడగొట్టి, అర్థం చెప్పి, ఊపిరి తీసుకోకుండా తర్వాతి పద్యం అందుకునేది.

ఆ రోజు సార్ కాగితం తీసుకుని ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివారు. నాన్న జ్ఞానదీపం, నాన్న నీడనిచ్చే కొండ, నాన్న ఎండని చెలమ. 'విధి ఆయన్ని తీసుకుపోయినా ఆయన వెలిగించిన దీపం మా ఇంట్లో ఆరదు.' అట్లా సాగింది.

"దిద్దడానికేం లేదమ్మా. ఒక్క తప్పు లేదు."

"మరి అమ్మ ఎందుకట్లా లోపలికి పోయింది సార్?"

సార్ కాగితం మీదికి మళ్ళీ వంగారు. "ఆ సాయంత్రం ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు.

మేఖల వేలుపెట్టి చూపించింది. "ఇదుగో సార్. విధి ఆయన్ని తీసుకుపోయినా..."

"వెంటనే దీపం పెట్టేశావే?"

"మీరే కదా సార్ చెప్పింది," అంది మేఖల. అందులో కొంచెం గర్వం కూడా ఉంది. "చావు దగ్గర ఆగకూడదని."

సార్ ఆ పిల్ల ముఖంలోకి చూశారు. కాగితం జాగ్రత్తగా మడిచి చేతికిచ్చి, "రేపు పాఠానికి రా," అన్నారు.

ఆ సాయంత్రం పిల్లలు లేచిపోయాక కూడా సార్ వరండాలోనే చాలాసేపు ఉండిపోయారట. దీపాలవేళకు ఇంట్లోవాళ్ళు పిలిస్తే గానీ చాప చుట్టలేదు.

మర్నాడు సార్ అప్పట్లో పాఠం నడుస్తున్న కావ్యం తెరిచి, వరసలో ఉన్న పద్యాలు దాటించి ముందుకు తిప్పారు.

"కోట వర్ణన వద్దా సార్?" అన్నాడు జయంత్. "ఏనుగులూ బురుజులూ ఏం లేవా? మీ పుణ్యం ఊరికే పోదు సార్."

"మేఖలా, చదువమ్మా," అన్నారు సార్.

ఆ కథలో ఒక రాజు యుద్ధానికి పోయి ఉంటాడు. ఆయన కూతురు రోజూ సాయంత్రం బురుజెక్కి దారి చూస్తూ ఉంటుంది. ఒకనాడు దూరాన దుమ్ము లేస్తుంది. అక్కడ వస్తుంది ఆ పద్యం.

మేఖల రాగం పట్టి చదివింది. పదాలు విడగొట్టింది. ఎక్కడా తడబడకుండా అర్థం చెప్పింది.

"గిట్టల చప్పుడు వినగానే అది నాన్న గుర్రమని ఆమెకు తెలిసిపోయింది. నవ్వుకుంటూ మెట్లు దిగి పరిగెత్తింది. గుర్రం వచ్చి నిలబడింది. జీను మీద ఎవరూ లేరు. అంతే సార్. తర్వాతి పద్యం..."

పేజీ తిప్పబోయింది. సార్ చెయ్యి వచ్చి పుస్తకం మీద పడింది.

ఆయన పుస్తకం మెల్లగా తన వైపు లాక్కున్నారు. మూశారు. పక్కనున్న గుడ్డ తీసి చుట్టడం మొదలుపెట్టారు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సార్, ఇంకా ఎవరూ దీపం పెట్టలేదే?" అన్నాడు జయంత్.

"లేదు నాయనా."

"మరి కట్టేస్తాండారే?"

"ఊఁ."

మేఖల గొంతు మారిపోయింది. "మూయకూడదు సార్."

"తెలుసు తల్లీ."

"ఇక్కడ మూస్తే దుఃఖం ఇంటికొస్తుందని మీరే అన్నారు."

సార్ ముడి వేశారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలా మెల్లగా అన్నారు.

"మీ ఇంటికి అది ఎప్పుడో వచ్చింది కదమ్మా. గుమ్మంలోనే నిలబడి ఉంది. కూర్చోమని మీరెవరన్నా అన్నారా?"

సార్ పుస్తకం అట్లాగే పట్టుకుని కూర్చున్నారు. లేచి పోలేదు కూడా. జయంత్ నోట్లో వేసుకోబోయిన బొరుగులు తిరిగి పొట్లంలో పోసుకున్నాడు. వీధిలో చీరల మూటల బండి ఒకటి పోయింది. ఎండ వరండా మెట్లు దిగి, గేటు దాటి, ఎదురింటి గోడ మీదికి పాకింది.

అప్పుడు మేఖల లేచి చెప్పులేసుకుంది. మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "మళ్ళీ రాస్తాను సార్."

"రాయి," అన్నారు సార్. "దీపం మాత్రం పెట్టొద్దు."

సంవత్సరీకం నాడు చుట్టాలంతా వచ్చారు. మస్తాన్ వలీ సార్ వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. క్రతువు అయింది. విస్తళ్ళు వేసే ముందు ప్రభాకర్ మామ, "రా పాపా, చదువు. అందరూ వినాల," అని పిలిచాడు.

మేఖల చేతిలో ఒక్క కాగితమే ఉంది. అది కూడా సగమే రాసి ఉంది.

"మా నాన్న స్కూటర్‌కు సైలెన్సర్ వదులైపోయింది," అని మొదలుపెట్టింది. చుట్టాల్లో ఎవరో నవ్వారు. "సందు మలుపు తిరగ్గానే టకటకమనేది. బాగు చేయిస్తానని అమ్మతో రోజూ అనేవాడు. చేయించలేదు. ఆ చప్పుడు వినపడితే నేను పోయి గేటు తీసేదాన్ని. అమ్మ పెనం పెట్టేది.

"ఆ రోజు చాలా ఆలస్యమైంది. కారందోసెలు చల్లారిపోయినాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది. అంతలో సందు మలుపులో చప్పుడు వినిపించింది. నేను పరిగెత్తి గేటు తీసినాను. 'ఎంతసేపు నాన్నా! నీ దోసెలు నేనే తినేసినా పో!' అని అరిచినాను. నవ్వుతానే అరిచినాను.

"బండి వచ్చి నా ముందర ఆగింది. దాని మీద ఉన్నది దుకాణంలో పనిచేసే ఓబులేసన్న. ఆయన బండి దిగలేదు. హెల్మెట్ కూడా తీయలేదు. తీస్తే చెప్పాల్సొస్తుందని."

మేఖల కాగితం మడిచింది.

ప్రభాకర్ మామ గొంతు సవరించుకున్నాడు. "అంతేనా పాపా? చివర్న ఏదన్నా ఒక మంచిమాట... ముందు రాసిండేది బాగుండెనే, ఆ దీపం గీపం..."

"అంతే మామా."

వంటింటి గడప దగ్గర సుభాషిణి నిలబడి ఉంది. ఈసారి లోపలికి పోలేదు. విస్తళ్ళ మధ్యలోంచి నడిచి కూతురి దగ్గరికి వచ్చింది.

"నాకూ వినపడింది పాపా ఆ చప్పుడు," అంది. "నేను పెనం మీద ఇంకో దోసె పోసినాను."

అంతే. కూతురు ఆమె భుజం మీద తలపెట్టి, ఏడాదిగా దాచిపెట్టిందంతా ఏడ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. "ఊరుకోమ్మా, ధైర్యంగా ఉండాల," అంటూ ఎవరో పెద్దావిడ లేవబోయింది. మస్తాన్ వలీ సార్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తలూపారు. ఆవిడ కూర్చుండిపోయింది.

ఆ రోజు భోజనాలు బాగా ఆలస్యమైనాయి.

తర్వాత మేఖల కొన్నాళ్ళు పాఠానికి రాలేదు. సార్ కబురు పంపలేదు. మిగతా పిల్లలకు వేరే పుస్తకం చెప్పారు. కావ్యం గుడ్డలో కట్టింది కట్టినట్టే అలమరలో ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం గేటు బయట టకటకమని చప్పుడైంది. పిల్లలంతా తలెత్తి చూశారు. సుభాషిణి స్కూటర్ మీద మేఖలను దించి, సార్‌కు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. మేఖల వచ్చి చాప మీద తన చోట్లో కూర్చుంది. ముఖం వాడి ఉంది. కళ్ళ కింద నలుపు. ఎవరూ ధైర్యం గల పిల్ల అనుకునేటట్టు లేదు.

సార్ లేచి అలమర తెరిచి కావ్యం తెచ్చారు. ముడి విప్పారు.

"ఎక్కడున్నాం?"

"గుర్రం దగ్గర సార్," అంది మేఖల.

"చదువమ్మా."

మేఖల మొదలుపెట్టి, ఆగింది. ఒక పేజీ వెనక్కి తిప్పి, అయిపోయిన ఆ పద్యమే మళ్ళీ చదివింది. ఈసారి ఒక్కొక్క మాటా ఆగి ఆగి వచ్చింది. ఒకచోట పద్యం సగంలో ఆగిపోయింది. సార్ అందించలేదు. జయంత్ అందించబోతే వాడి చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ పిల్ల మళ్ళీ ఎత్తుకునేదాకా అందరూ ఊరికే కూర్చున్నారు.

అప్పుడు ఆ పిల్ల తర్వాతి పద్యం అందుకుంది. రాజు కూతురు ఆ గుర్రం దగ్గరికి పోతుంది. చెమటకు తడిసిన దాని మెడ నిమురుతుంది. జీను విప్పి కింద పెడుతుంది. తొట్టి దగ్గరికి నడిపించి నీళ్ళు పెడుతుంది. పద్యం అంతవరకే.

జయంత్ పేజీలోకి తొంగిచూశాడు.

"దీపం పెట్టలేదు సార్," అన్నాడు మెల్లగా. "గుర్రానికి నీళ్ళు పెట్టిందంతే. ఇంకా చదవాల్నా?"

సార్ మేఖల వైపు చూశారు. గుడ్డ చేతిలోకి తీసుకున్నారు.

"చాల్లే నాయనా," అన్నారు.