పిన్ని చెప్పిన “ఆగు”

అనగనగా, బెల్లం వాసన రాగానే ఈగలకన్నా ముందు మనుషులు చేరే ఊరొకటి ఉండేది. దాని పేరు గానుగవలస.

ఆ ఊళ్లో బెల్లం వండేవాడు గంగునాయుడు. బుడగ చూసి పాకం ముదిరిందో లేదో చెప్పగలడు. తన నాలుగేళ్ల కూతురు నూకాలు ఎప్పుడు ఏడుపు లంకించుకుంటుందో మాత్రం ఎంత చూసినా చెప్పలేడు. తల్లి లేని పిల్ల. అడిగింది అందకపోతే కుండ పగలగొట్టేది. అందితే, పంచుకోమన్నవాళ్ల చెయ్యి కొరికేది.

అందుకని ఊరంతా కలిసి ఆ పిల్లను పెంచింది. అంటే, ఊరంతా సలహాలు చెప్పింది.

తండ్రి అరిచేవాడు. “అరవకే!” అని ఆయన అరిస్తే పొలంలో కొంగలు లేచిపోయేవి. పిల్ల ఇంకా గట్టిగా అరిచేది.

మేనత్త ఎర్రమ్మ ఆశ పెట్టేది. “ఊరుకో తల్లీ, ఈసారి సంతలో గిలక్కాయ కొంటాను.” సంతలు వచ్చాయి, వెళ్లాయి. ఎర్రమ్మ చేతికి గాజులొచ్చాయి. గిలక్కాయ రాలేదు.

ఊరిపెద్ద జోగినాయుడు భయపెట్టేవాడు. “అదిగో, చెరకుతోటలో బూచోడు!” అనేవాడు. నిజానికి పొద్దుగూకాక ఆ తోటవైపు పోనిది ఆయనొక్కడే.

అలాంటి ఇంటికి అచ్చియ్యమ్మ రెండో భార్యగా వచ్చింది. వచ్చిన రోజే గంగునాయుడు చెప్పేశాడు.

“గానుగ దగ్గర నిప్పు, మరిగే పాకం. ఈ గుంట మాట వినదు. కొత్త బెల్లం దిగేలోగా దారికి రాకపోతే, కొండకింద మా చుట్టాలింటికి పంపేస్తాను.”

తలుపు వెనక నూకాలు నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు చూశాక అచ్చియ్యమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. ‘పంపనివ్వను’ అనుకుంది. ఎలాగో మాత్రం తెలియలేదు.

ఆమెకు మంత్రాలేవీ రావు. చెప్పింది చేయడం ఒక్కటే వచ్చు.

“బట్టలు ఆరేసి వస్తా, ఇక్కడే కూర్చో” అంటే, ఆరేసి వచ్చేది. దారిలో ఎర్రమ్మ కబుర్లకు పిలిస్తే, “పిల్లకు మాటిచ్చాను వదినా” అని సాగిపోయేది. కబురు మధ్యలో తెగిన ఆ బాధ ఎర్రమ్మకు చాలాకాలం మానలేదు.

పిల్ల నేలమీద పడి కాళ్లు కొట్టుకుంటే, పక్కన కూర్చుని వీపుమీద చెయ్యి వేసేది. “కోపమొచ్చింది కదూ? నేనిక్కడే ఉన్నా” అనేది. తను నిదానంగా ఊపిరి తీసుకుంటూ ఉండేది. కాసేపటికి పిల్ల ఊపిరి కూడా ఆ నిదానంలోకి వచ్చేది. తమాషా చూడవచ్చిన అమ్మలక్కలు, చూడటానికేమీ లేదని నొచ్చుకుని వెళ్లేవారు.

ఒకరోజు నూకాలు మజ్జిగ కుండ తన్నేసింది. అచ్చియ్యమ్మ చెయ్యి పైకి లేచింది. లేచిన చేతిని తనే దించుకుంది.

“నాకూ కోపమొచ్చింది నూకాలూ. గానుగ చుట్టూ తిరిగి, తగ్గాక వస్తా.”

అని నిజంగానే ఎద్దు వెనకాల తిరగసాగింది. జోగినాయుడు నవ్వాడు.

“ఏమ్మా, ఎద్దు సరిపోవడం లేదా?”

“ఎద్దుకు కోపం లేదు బాబూ, నాకే ఉంది.”

తగ్గింది, వచ్చింది, పిల్లతో కలిసి నేల తుడిచింది. మర్నాడు కోపమొచ్చినప్పుడు నూకాలు కూడా బుసలు కొడుతూ గానుగ చుట్టూ తిరిగింది. మధ్యలో ఎద్దును తిట్టింది. ఎవరినీ కొరకలేదు.

కొత్త బెల్లం దిగే రోజు వచ్చింది. పని ఉన్నవాళ్లు కొందరు, పని లేనివాళ్లందరూ పొయ్యి చుట్టూ చేరారు. మేకపిల్లను ఎత్తుకుని నూకాలూ వచ్చింది. నలుగురు మగవాళ్లు బండిచక్రమంత పెనం ఎత్తి, కుతకుతలాడే పాకాన్ని చెక్క తొట్టెలోకి వంచుతున్నారు.

సరిగ్గా అప్పుడే నూకాలు చేతిలోని మేకపిల్ల జారి, పెనం కిందుగా దూకి పారిపోయింది. దాని వెనకే నూకాలు పరుగెత్తింది.

“ఆగవే!” అని తండ్రి అరిచాడు. పిల్ల ఆగలేదు.

“ఆగు తల్లీ, గిలక్కాయ కొంటా!” అని మేనత్త కేకేసింది. ఆగలేదు.

“అదిగో బూచోడు!” అన్నాడు ఊరిపెద్ద. ఆగలేదు.

పొయ్యి అవతల అచ్చియ్యమ్మ చెరకు పిప్పి మోస్తోంది. పాకం వైపు పోతున్న పిల్లను చూసింది. అయినా గొంతు పెంచలేదు.

“నూకాలూ, ఆగు. మేకపిల్లను నేను తెస్తా.”

ఎత్తిన కాలు అక్కడే దిగింది. సలసలమంటూ పాకం ఆ పిల్ల ముందునుంచే తొట్టెలోకి జారింది. పిడికిళ్లు బిగించి నూకాలు నిలబడిపోయింది.

అచ్చియ్యమ్మ పిప్పి పడేసి తోటలోకి పరుగెత్తింది. ఆ మేకపిల్లకు ఎవరి మాటా వినే అలవాటు లేదు. ఆలస్యమైంది. ఈలోగా బెల్లం ఆరింది. “రా, తిందువు గాని” అని అందరూ పిలిచారు. ఎర్రమ్మ ఒక ముక్క తిని మరీ చూపించింది. పిల్ల ఉన్నచోటు నుంచి కదల్లేదు.

“పిన్ని వస్తానంది” అంది.

వచ్చింది. చీర చిరిగింది, ముఖమంతా చెరకాకు గీతలు, చంకలో మేకపిల్ల.

గంగునాయుడు కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. “మేమంతా అరిచినా ఆగలేదు. పిన్ని ఒక్కమాటకు ఎలా ఆగావే?” అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం ఊరికి కొత్త.

“పిన్ని తెస్తానంటే తెస్తాది.”

ఆయన తల వంచుకున్నాడు. “నిన్ను ఎక్కడికీ పంపను తల్లీ.”

నూకాలు తండ్రి మాట విని, పిన్ని వైపు తిరిగింది. “నిజమేనా?”

అచ్చియ్యమ్మ భర్తను చూసింది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. “నిజమే” అంది. అప్పుడుగానీ పిల్ల ఏడవలేదు.

ఆ వారమే ఎర్రమ్మ సంతనుంచి గిలక్కాయ తెచ్చింది. నూకాలు చెవి దగ్గర ఆడించి, మోగుతుందని తేలాకే తీసుకుంది. ఇక గంగునాయుడు కోపమొస్తే గానుగ చుట్టూ తిరుగుతున్నాడు. జోగినాయుడూ తిరుగుతున్నాడు, పొద్దుండగానే. ఎద్దే, తనకేం పని మిగిలిందో తెలియక, దిక్కులు చూస్తోంది.

పెద్దల మాట నిలిచిన చోటే పిల్లల కాలు నిలుస్తుంది.