పొలిమేర రాయి దగ్గర రాజుగారి ఆవు

దగ్గరికి జరగండి తల్లీ, ఇంకొంచెం జరగండి. ఆ స్తంభం చాటున కూర్చున్న బాబాయిగారూ, మీరు కూడా ఇటు రండి. దూరం నుంచి వింటే ఈ కథ సగమే వినబడుతుంది. పిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. చల్లటి చూపు మన మీద ఉంచమని ఆ పైవాడికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడదాం.

ఒక ఊళ్ళో నాలుగు వీధులున్నాయి. రాజవీధి, కోటవీధి, అంగడివీధి మెరక మీద. పల్లపు వీధి, పేరులోనే ఉంది కదా, పల్లంలో. ఆ ఏడు ఏరు పొంగి పల్లపు వీధిలో నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక జ్వరం నిలిచింది.

పంతొమ్మిది మంది పిల్లలు మంచాన పడ్డారు. వైద్యుడొచ్చి నాడి చూశాడు. మందు తన దగ్గరుందనీ, ఉత్త కడుపున అది నిలవదనీ, గంజి ఎలాగూ గొంతు దిగడం లేదు కాబట్టి పాలు పడితేనే ఈ పిల్లలు దక్కుతారనీ చెప్పి వెళ్ళాడు. పాలెక్కడివి? ఊరి పాడి వరదలో కొట్టుకుపోయింది పోగా, మిగిలింది మేత లేక వట్టిపోయింది.

ఈ మాట రాజుగారి చెవిన పడింది. ఆయన తన కొట్టంలోంచి ఒక కపిలావుని, దూడతో సహా, ఒక కాగితం జతచేసి పంపాడు. కాగితంలో రెండే ముక్కలు. ఈ ఆవు పాలు జ్వరపడ్డవాళ్ళకి. అమావాస్యకి మా మనిషి వచ్చి చూసుకుంటాడు.

ఇంతకన్నా తేలిగ్గా ఎవరైనా ఏం రాస్తారు చెప్పండి?

కానీ ఆ ఊరికో ఆచారం ఉంది. బయటి నుంచి ఏది వచ్చినా సరే, పొలిమేర రాయి దాటే ముందు ఊరి పెద్దలు అయిదుగురూ ఒక్కచోట కూర్చుని, ఒక్క గొంతుతో 'స్వీకరించాం' అనాలి. వాళ్ళ తాతల నాడు ఎవరో ముసలి గుర్రాన్ని దానమిస్తే, దానికి మేత వెయ్యలేక ఊరు ఊరంతా చచ్చిచెడిందట. అప్పటి నుంచీ ఈ కట్టుబాటు. గుర్రం పోయి వందేళ్ళయింది. కట్టుబాటు మాత్రం కడుపునిండా తిని బలిసింది.

కాబట్టి ఆవుని రాయి పక్కన గుంజకి కట్టేశారు. స్వీకరించే లోపు దూడ పాలు తాగితే రాజుగారి సొత్తుకి నష్టం కదా అని దూడని ఎడంగా కట్టి, కుడితి తాగే వేళ తప్ప దాని మూతికి చిక్కం వేశారు. ఒక కాపలావాణ్ణి పెట్టారు. ఇక సభ మొదలైంది.

మొదటి రోజు అయిదుగురిలో ఒకాయన వియ్యాలవారింటికి వెళ్ళి ఉన్నాడు. నలుగురూ తాంబూలం వేసుకుని లేచారు.

రెండో రోజు ఆయన వచ్చాడు. ఇప్పుడు పాలు అలవాటు చేసి, వచ్చే ఏడు రాజుగారు ఆవుని పంపకపోతే ఊరు మన మీద పడుతుందే, అన్నాడు ఒకాయన. జ్వరపడ్డవాళ్ళకి అన్నారు సరే, జ్వరం తగ్గినవాడు సగం గ్లాసు తాగి ఉంటే మిగతా సగం ఏం చెయ్యాలో రాయలేదే, అన్నాడు ఇంకొకాయన. ఆ సందేహాలన్నీ వ్రాయసగాడు కాగితాలకెక్కించాడు. ఆవు అరుస్తోంది. ఆ అరుపు సభలోకి వినబడుతోందని కిటికీ మూశారు.

మూడో రోజు స్వీకరించారు. ఆహా, ఆ వైభవం ఏం చెప్పను! మేళం పెట్టించారు. ఆవు నుదుట పసుపు కుంకుమ పెట్టారు, మెడలో బంతిపూల దండ వేశారు, హారతిచ్చారు, గోమాతా అని పృష్ఠభాగానికి దండం పెట్టి మూడుసార్లు చుట్టూ తిరిగారు. పాలు మాత్రం పితకలేదు, ఆవుని గుంజ నుంచి విప్పనూ లేదు. పితకడం వేరే విషయం కదా మరి! స్వీకారం ఒకటి, పంపకం ఒకటి.

నాలుగో రోజు పంపకం. ఇక్కడ ఆ పెద్దల తెలివి చూడండి. ఊరికి వీధులు నాలుగు, ఆవుకి చన్నులు నాలుగు. ఇది దైవసంకల్పం కాక ఇంకేమిటి అన్నాడు పెద్దలకే పెద్దాయన, అందరిలోకీ ఎక్కువ వయసున్నాయన, వెండిపొన్ను కర్ర చేతబట్టుకు తిరిగేవాడు. వీధికో చన్ను. ఎవరికీ అన్యాయం జరగదు.

జ్వరం ఒక్క వీధిలోనే ఉంది కదా అని వ్రాయసగాడు నసిగాడు.

"జ్వరం వస్తుంది, పోతుంది," అన్నాడు పెద్దాయన. "వీధులు ఉంటాయి. రాసుకో."

రాసుకున్నాడు. అప్పుడు పుట్టింది అసలు తగువు. వెనక చన్నుల్లో పాలెక్కువ, ముందు చన్నుల్లో తక్కువ అని పాడి తెలిసినవాడు ఎవడో అన్నాడు. వెనకవి మాకంటే మాకని రాజవీధికీ కోటవీధికీ మాటామాటా పెరిగింది. చీట్లు వేశారు. పల్లపు వీధికి ముందు ఎడమది వచ్చింది. ఒక వీధివాడు పితికేటప్పుడు చెయ్యి జారి పక్క వీధి చన్ను లాగుతాడేమో అన్న అనుమానంతో, నలుగురు పితికేవాళ్ళూ ఒకేసారి కూర్చోవాలని షరతు పెట్టారు. నాలుగు వీధులూ తలా ఒక మనిషిని ఎన్నుకోవాలి. పల్లపు వీధి ఆ సాయంత్రమే ఎన్నుకుంది. మిగతా మూడు వీధులకి తొందరేముంది?

అయిదో రోజున పల్లపు వీధిలో ఒక పసివాడు పోయాడు.

ఆ వార్త సభకి వచ్చింది. పెద్దలు నిజంగానే బాధపడ్డారు, కాదనకూడదు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బిడ్డ మీద గౌరవంతో సభని రెండు రోజులు వాయిదా వేశారు.

నవ్వుతున్నారా? నవ్వండి. నాకూ మొదటిసారి విన్నప్పుడు నవ్వే వచ్చింది. తరవాత రాలేదు.

ఆ వీధిలో ఒక కుమ్మరామె ఉంది. మగడు లేడు. ఏడేళ్ళ కూతురుంది, ఆ పిల్లకీ జ్వరమే. పొలిమేర వాళ్ళింటికి దగ్గర కావడంతో ఆవు మెడలో గంట మోగినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు తెరిచి, పాలొచ్చాయా అమ్మా అని అడిగేది. వస్తున్నాయి అనేది తల్లి. ఏడో రోజు మధ్యాహ్నం గంట మోగింది, పిల్ల కళ్ళు తెరవలేదు. తల్లి ఆ పిల్ల నుదుటి మీద అరచెయ్యి తిప్పి పెట్టి చూసింది. చూసి లేచింది. కుండలు కాల్చే ఆవంలోంచి తీసిన కొత్త కుండ ఒకటి, తడి తగలనిది, చంకన పెట్టుకుని పొలిమేరకి నడిచింది.

పెద్దలు భోజనాలు చేసి నడుం వాల్చిన వేళ అది. కాపలావాడు రాయి మీద కూర్చుని ఉన్నాడు. మంచివాడే పాపం. ఆవు బాధ చూడలేక రెండుసార్లు పొదుగు దాకా చెయ్యి చాపి, ఆజ్ఞ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నవాడు. పొదుగు రాయిలా గట్టిపడి, ఎర్రబడి, ఈగలు ముసురుతున్నాయి.

"విప్పు అన్నా," అంది ఆమె.

"నేను కాపలావాణ్ణమ్మా. కట్టడం నా పని. విప్పమని నాకెవరూ చెప్పలేదు."

"నీకు చెప్పలేదు సరే. నన్ను వద్దనీ ఎవరూ చెప్పలేదుగా."

కాపలావాడు ఆలోచించాడు. ఆ మాటకి జవాబు ఏ కాగితంలోనూ ఉన్నట్టు అతనికి గుర్తు రాలేదు. లేచి, ఏటి వైపు తిరిగి నిలబడి, ఈ ఏడు రెల్లు బాగా పూసిందమ్మా అన్నాడు.

ఆమె ముందు ఆవుని ముట్టుకోలేదు. దూడ మూతికున్న చిక్కం ఊడదీసింది. దాని తాడు విప్పింది. దూడ కుమ్మితేనే కదా ఆవు చేపి పాలు వదిలేది! అది గెంతుకుంటూ వెళ్ళి పొదుగుని ఒక్క కుమ్ము కుమ్మింది. ఆవు నొప్పికి వణికింది, కానీ తన్నలేదు. మెడ వెనక్కి తిప్పి దూడని నాకింది. ఎంత తల్లి కాకపోతే!

కుమ్మరామె కూర్చుని నాలుగు చన్నులూ చూసింది. వెనక రెండూ, రాజవీధీ కోటవీధీ కొట్టుకున్నాయే, అవి రెండూ గడ్డకట్టి ఎండిపోయాయి. ఎంత నిమిరినా చుక్క రాలేదు. ముందు రెంటిలోంచి మొదట నెత్తుటి చారలు వచ్చాయి. అవి నేల మీదకి పిండేసింది. తరవాత తెల్లగా వచ్చాయి. దూడకి కొంత వదిలి, ఆవు తాడు గుంజ నుంచి విప్పి, తన వెంట తోలుకుపోయింది. పొలిమేర రాయి దాటుతుంటే కాపలావాడు కళ్ళు మూసుకున్నాడు. ఏ పిడుగూ పడలేదు.

పల్లపు వీధిలో మూడు రాళ్ళ పొయ్యి మీద పాలు కాచారు. కుండలో ఉన్నవి పద్దెనిమిది మందికి గరిటెడు చొప్పున రావు. నువ్వు తెచ్చావు, ముందు నీ కూతురికి పొయ్యి అన్నారు ఇరుగుపొరుగు. ఆ మాట ఎవరూ కుళ్ళుతో అనలేదు.

ఆమె పొయ్యలేదు. ఆ చివర ఇంటి నుంచి ఈ చివర ఇంటి దాకా నడిచింది. ప్రతి పిల్ల నుదుటి మీదా అరచెయ్యి తిప్పి పెట్టింది. అన్నీ చూసి వచ్చి, ఎక్కువ కాలుతున్న నుదురున్న ఇంటికి మొదట వెళ్ళింది.

"నీ బిడ్డకి ఎప్పుడు పోస్తావే?" అంది పక్కింటి ముసలమ్మ, కోపంగానే.

"చెయ్యి చెప్పినప్పుడు పోస్తా, అత్తా."

ఆమె కూతురు నాలుగోది అయింది. గరిటెడు పాలు ఆ గొంతులో దిగేదాకా ఆ తల్లి ఊపిరి పీల్చిందో లేదో నాకు తెలియదు. పాలు దిగాయి. వెనక మందు దిగింది. రెండూ నిలిచాయి. ఆవు పూటకి రెండు చన్నులా ఇచ్చింది, ఆమె పూటపూటా చెయ్యి పెట్టి చూసింది. కుదుటపడ్డవాళ్ళకి ఆపి, పడనివాళ్ళకి పోసింది. నాలుగు చన్నులూ ఉండి ఉంటే అందరూ వారంలో లేచేవారు. అది జరగలేదు. కొందరికి పక్షం పట్టింది.

ఈ సంగతి తెలిసి ఊరుకుంటారా పెద్దలు? తొమ్మిదో రోజు పొద్దున్నే పెద్దాయన కర్ర పొడుచుకుంటూ పల్లపు వీధికి వచ్చాడు. వెనకాల వ్రాయసగాడు. అప్పటికి పదిహేడు కాగితాలు నిండాయి. పద్దెనిమిదోది చేతిలో పట్టుకున్నాడు, ఆమె నేరం రాయడానికి. ఈగలు వాలుతున్నాయని కుమ్మరామె చుట్టూ చూసి, ఏమీ దొరక్క, ఒకసారి ఇలా ఇవ్వు బాబూ అని ఆ కాగితం తీసుకుని పాలగిన్నె మీద మూత పెట్టేసింది. వ్రాయసగాడు కలం చెవి మీద దోపుకున్నాడు.

ఎవరి తీర్మానంతో విప్పావని మొదలుపెట్టాడు పెద్దాయన. మూడు వీధుల వాటా తిన్నావన్నాడు. ఇంకా ఏదో అనబోయి తూలాడు. కర్ర ఆనుకున్నాడు. ఆమె లేచి వచ్చింది. ఊరిపెద్ద అనీ, మగవాడనీ చూడలేదు. ఆయన నుదుటి మీద అరచెయ్యి తిప్పి పెట్టింది.

ఆయన ఉండే రాజవీధికి కూడా జ్వరం వచ్చేసింది. దానికి ఎవరూ చీటీ వెయ్యలేదు, ఎవరూ స్వీకరించాం అననూ లేదు.

"కూర్చోండి అయ్యా. మీరు మూడోవారు," అంది. "ముందు ఇద్దరు పిల్లలున్నారు."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆ ఇద్దరు పిల్లలకీ పోసి, మూడో గరిటె ఆయనకి పోసింది. ఆయన రెండు చేతులా పట్టుకుని తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, ఏమడిగాడో తెలుసా?

"ఇవి ఏ వీధి చన్నువి?"

ఆమె ఇంకో నుదురు చూడటానికి వెళ్ళిపోయింది.

అమావాస్యకి రాజుగారి మనిషి వచ్చాడు. పెద్దలు పదిహేడు కాగితాలూ పట్టుగుడ్డలో చుట్టి ముందు పెట్టారు. అతను చదవలేదు. ఒక్కొక్కటే ఎత్తి వాసన చూసి పక్కన పెట్టాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఉంది కానీ ఖాళీ కాగితమండీ, పాడైపోయిందండీ అని వ్రాయసగాడు సిగ్గుపడుతూ పద్దెనిమిదోది తీశాడు. దాని మీద అక్షరం లేదు. గుండ్రంగా పాలమరక ఒకటి ఉంది.

రాజుగారి మనిషి దాన్ని కళ్ళకద్దుకుని, మడిచి నడుముకి దోపుకుని, గుర్రమెక్కాడు. పదిహేడు కాగితాలూ అక్కడే వదిలేశాడు. వాటిని తరవాత దూడ నమిలిందంటారు.

ఇదీ కథ. లేచి వెళ్ళేటప్పుడు దేవుడికి దండం పెట్టండి, వద్దనను. కానీ ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి తల్లీ. పొయ్యబోయే ముందు ఆమె నుదురు ముట్టుకు చూసింది. మీ చేతిలోకి ఎప్పుడు ఎవరి గరిటె వచ్చినా, మీ వీధిలోనైనా, మీ సభలోనైనా, ఆ పనొక్కటి చెయ్యండి. ఏదీ, ఇప్పుడే పక్కనున్న పిల్ల నుదుటి మీద అరచెయ్యి తిప్పి పెట్టి చూడండి. చల్లగా ఉందా? ఉంటే ఆ చల్లదనం అలాగే ఉండనీ స్వామీ అనుకుని, ఇంటికెళ్ళి ఈ ఒక్క ముక్క ఇంకొకరికి చెప్పండి.