ఇంజన్ విప్పినవాడి పూలు

“ఓబులేసూ! ఒరేయ్ ఓబులేసూ! ఆ అరిచేది నీ బండేనా రా?”

జెయింట్ వీల్ మీద కూర్చుని బోల్టులు బిగిస్తున్న ఎల్లప్ప పైనుంచి కేకేశాడు. ఓబులేసు ఎక్సలేటర్ ఇంకొంచెం తిప్పాడు. ఇంజనే జవాబు చెప్పింది.

ఆ శబ్దానికి బజ్జీల అంగడి రేకుల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. వాటితోపాటు తనూ లేచినట్టు అనిపించింది ఓబులేసుకు.

దర్గా ఉరుసు జరిగే మైదానంలో అది పొద్దుటి పూట. జనం ఇంకా రాలేదు. చెక్కలతో నిలబెట్టిన పెద్ద గుండ్రటి గోడ మీద ‘మృత్యుబావి’ అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం ఉత్తగా ‘బావి’ అంటారు. ఆ బావి లోపలి గోడ మీద, బల్లి పాకినట్టు అడ్డంగా, నాగరత్న మోటార్ సైకిల్ తోలుతుంది. ఆమె బండిని చూసుకునేది దస్తగిరి ఉస్తాద్. మీసాలు రాకముందు నుంచీ ఓబులేసు ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు.

ఉస్తాద్ ఊరికి పోయి వచ్చేలోపల, ఓబులేసు ఆ ఇంజన్ మొత్తం విప్పేశాడు. హెడ్డు అరగదీశాడు. పొగా గాలీ తిరిగే దారుల్ని ఆకురాయితో వెడల్పు చేసి, తన ముఖం తనకు కనపడేదాకా ఎమిరీ పేపర్‌తో రుద్దాడు. ప్రేమించిన పిల్లకు మొదటి ఉత్తరం రాసేవాడు కూడా ఒక్కో అక్షరాన్ని అంత ముద్దుగా దిద్దడు.

ఎల్లప్ప కిందికి దిగి వచ్చాడు.

“ఏం పికప్పు రా నాయనా! ముట్టుకుంటే ఎగురుతా ఉంది. నిన్నమొన్నటి దాకా ముసలెద్దు మాదిరి ఉండె గదా. మీ ఉస్తాద్ చేసినాడా?”

“నేనే. ఒక్కణ్ణే.”

“అట్లయితే ఇంక నిన్ను ఒరే అనగూడదప్పా. ఓబులేసు ఉస్తాద్ అనాల.”

ఎల్లప్ప నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట ఓబులేసు లోపలికి అత్తరు చుక్కలా దిగింది. దిగి, అక్కడే ఉండిపోయింది.

దస్తగిరి ఉస్తాద్ భుజాన సంచితో అప్పుడే వచ్చాడు. సంచి దించకుండానే ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఓబులేసు ఎక్సలేటర్ తిప్పాడు. ఇంజన్ చప్పున లేచింది. వదిలాడు. అంతే చప్పున పడిపోయింది.

“బాగుంది,” అన్నాడు ఉస్తాద్. “ఏమేం చేసినావు?”

ఇన్నేళ్ళలో ఆయన నోట ‘బాగుంది’ అని విన్నది అదే మొదలు. ఓబులేసు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

“హెడ్డు అరగదీసినా. పోర్టులు పెంచినా. పెట్రోలు జెట్టు మార్చినా.”

“అంతేనా?”

“అంతే ఉస్తాద్.”

ఉస్తాద్ చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

ఓబులేసు చెప్పనిది ఒకటుంది. ఇంజన్ లోపల ఒక బరువైన ఇనప చక్రం ఉంటుంది. ఎక్సలేటర్ మీద చెయ్యి ఒక్క క్షణం సడలినా, ఆ బరువే ఇంజన్‌ను పడిపోనివ్వకుండా ముందుకు తిప్పుతుంది. పనిలో చేరిన రోజున ఉస్తాద్ అలాంటి చక్రాన్నే అతని రెండు చేతుల్లో పెట్టి, “బావి బండిలో దేన్నయినా ముట్టుకో. దీన్ని మాత్రం ముట్టుకోవద్దు,” అన్నాడు.

కానీ దాని బరువు తగ్గించకపోతే ఆ ఎగురుడు రాదు. అందుకే ఓబులేసు దాన్ని ఆదోనికి తీసుకెళ్ళి, లేతు మిషన్ మీద పలచగా చెక్కించాడు. బావి గోడ మీద ఏమవుతుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చినప్పుడల్లా ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. ఆ శబ్దంలో ఆలోచన వినపడకుండా పోయేది.

“సరే,” అన్నాడు ఉస్తాద్. “ఈరోజు పూలు నువ్వే పట్టు.”

బావిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంజన్ ఎవరు విప్పితే వాళ్ళే, మొదటి ట్రయల్‌లో, బావి అంచున నిలబడి మూరెడు మల్లెపూలు చాపాలి. తోలే మనిషి గోడ మీద తిరుగుతూనే ఆ పూలు అందుకోవాలి. బండి ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది కాబట్టి, బావి అంచు తోలే మనిషికి కుడిపక్కనే వస్తుంది. పూలు అందుకోవాలంటే ఎక్సలేటర్ మీది చెయ్యే వదలాలి.

ఇన్నాళ్ళూ ఆ పూలు పట్టింది ఉస్తాద్ ఒక్కడే.

నాగరత్న చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చింది. జుట్టు ముడిలో పూలకు చోటు ముందే ఉంచుకుంది.

“ఏం తమ్ముడూ, ఈరోజు పూలు నీవా? మంచివి తెచ్చినావా, మీ ఉస్తాద్ మాదిరి వాడిపోయినవా?”

“అవి కొన్నప్పుడు బాగనే ఉంటాయి. నువ్వు ముస్తాబయ్యేలోపల వాడిపోతాయి,” అన్నాడు ఉస్తాద్.

ఆమె నవ్వి, బండెక్కి, ఒకసారి ఎక్సలేటర్ తిప్పి చూసి కనుబొమ్మలు ఎత్తింది.

“అబ్బో! ఇది కొత్త గుర్రం. చెయ్యి ఎప్పుడు వదలాల ఉస్తాద్?”

“పూలు పట్టినోడు చెప్తాడు. పూలు కనపడేదాకా వదలొద్దు. కనపడితే ఆలోచించొద్దు.”

తర్వాత ఆయన ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు. మెట్లెక్కి పైకి రాలేదు. బావి తలుపు లోపలినుంచి గడియపెట్టి, ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించి, సరిగ్గా బావి నడిమధ్యన కూర్చున్నాడు. గోడ మీది బండి జారితే వచ్చి పడేది అక్కడికే.

“ఉస్తాద్, పైకి రా!” అంచు మీదనుంచి అరిచాడు ఓబులేసు.

“ఇక్కడ బాగా వినపడతాది లే.”

బజ్జీలవాళ్ళూ గాజులవాళ్ళూ అంచు చుట్టూ చేరారు. “ఓబులేసు ఉస్తాద్!” అని ఎల్లప్ప ఈల వేశాడు. అందరూ ఈల వేశారు.

బండి లేచింది. ఇంతకుముందు నాలుగు చుట్లు తిరిగితే గాని ఎక్కని గోడను ఇది ఒక్క చుట్టులో ఎక్కేసింది. చెక్కలు ఓబులేసు పాదాల కింద తబలాలా మోగాయి. అది తన ఇంజన్. తన చేతుల్లో పుట్టిన పాట. ఇట్లాంటి పొద్దు ఒక్కటి చాలనిపించింది బతుక్కి. పూలు వీపు వెనక పట్టుకుని, రాజులా నిలబడ్డాడు.

నాగరత్న అతని ముందునుంచి పోయింది. ఆమె ఇంజన్‌ను వినడం లేదు. గోడను చూడటం లేదు. అతని చేతినే చూస్తోంది, పండక్కి కొత్త గాజుల కోసం చూసే చిన్నపిల్లలాగా.

రెండో చుట్టు. ఆమె కుడిచేతి వేలొకటి ఎక్సలేటర్ మీదనుంచి లేచింది. ఇంజన్ గొంతు సన్నగా తొణికింది. ఆ తొణుకు అంచు మీద ఇంకెవరికీ వినపడలేదు. అతనికి వినపడింది.

“చాపరా చెయ్యి! ఏమైంది రా?” ఎల్లప్ప అరిచాడు.

ఓబులేసు కిందికి చూశాడు. ఉస్తాద్ డబ్బా మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనకూ వినపడింది.

మూడో చుట్టుకు ఆమె ఇంకో వేలు ఎత్తింది. మొహం నిండా నవ్వుతో వస్తోంది.

ఓబులేసు పూలను వెనక్కి, బావి అవతలికి విసిరేశాడు. ఖాళీ చేతులు రెండూ పైకెత్తాడు. అతని గొంతు ఇంజన్‌ను దాటి పైకి లేచింది.

“వదలొద్దక్కా! చెయ్యి వదలొద్దు! చక్రం చెక్కించేసినా... నేనే చెక్కించినా, ఉస్తాద్ అనిపించుకోవాలని!”