గుమ్మంలో ఎముకలు

ఎర్రగుట్ట మీదున్న బొరియలన్నిటిలోకీ పెద్దది ముళ్లపంది నాంచారమ్మది. రెండు గదులు, వెనక దారి, ఎంత వానొచ్చినా చుక్క కారని కప్పు. అలాంటి ఇంటిని వదిలించుకోవాలని చూస్తోందంటే దానికి కారణం ఆవిడ మోకాళ్లు. తినే దుంపలన్నీ కింద వాగు ఒడ్డున ఉన్నాయి. తిని, గుట్టెక్కి ఇల్లు చేరేసరికి తిన్నదంతా అరిగిపోయి మళ్లీ ఆకలేసేది. వానలు మొదలయ్యేలోగా కిందికి దిగిపోకపోతే, ఏదో ఒక రోజు ఆ బురదదారిలోనే కూలబడిపోతానని ఆవిడ భయం.

ఆ గుట్ట మీద ఇల్లమ్మడమంటే ఇంటికి ఇల్లు మార్చుకోవడమే. బేరాలు కుదిర్చేది నక్క భద్రయ్య.

“కింద చిన్న బొరియైనా చాలు భద్రయ్యా. ఎవరైనా ఉంటే తీసుకురా,” అంది నాంచారమ్మ.

భద్రయ్య లోపలికొచ్చి నాలుగు మూలలూ చూశాడు. ఇల్లు చూస్తే నోరూరింది. ఓ మూల ఎముకల పోగు కనిపించింది. ముళ్లపందులు మాంసం ముట్టవు గానీ, పళ్లు పెరిగిపోకుండా కొరుక్కోవడానికి ఎక్కడ ఎండిన ఎముక దొరికినా మోసుకొస్తాయి. ఎన్ని ఎముకలుంటే అంత కలిగిన ఇల్లని వాళ్లలో గొప్ప. నాంచారమ్మ ఇంట్లోవి మూడు తరాలుగా చేరినవి. అన్నీ ఆవు తొడ ఎముకలూ, దున్న పక్కటెముకలూ.

“ఇంత సంపద మూల దాచేస్తే ఎలా అత్తా? గుమ్మంలో పేర్చు. వచ్చినవాళ్ల కళ్లు చెదరాలి,” అన్నాడు భద్రయ్య.

“అవును సుమీ!” అని పొంగిపోయింది నాంచారమ్మ. నడుం పట్టేసేదాకా ఒక్కొక్కటే మోసి, గుమ్మానికి అటూ ఇటూ పేర్చింది.

మొదట కుందేలు దంపతులు వచ్చారు. గుమ్మం దాకా వచ్చి, ఒక్క చూపు చూసి, వెనక్కి తిరిగి పరుగో పరుగు. మర్నాడు ముంగిస రత్తాలు మొగుణ్ని వెంటబెట్టుకొచ్చింది. “మళ్లీ వస్తాం పిన్నీ!” అని బయటినుంచే కేకేసి ఇద్దరూ మాయమయ్యారు.

“ఏమైంది భద్రయ్యా, లోపలికైనా రాలేదే?”

“ఏం చెప్పను అత్తా! ఈ గుట్ట ఎవరెక్కుతారంటున్నారు. నీ బాధ చూడలేకపోతున్నాను, ఆ ఇల్లేదో నేనే తీసుకుంటాలే. బదులిద్దామంటే నా గుహ ఇంకా పైనుంది, నీకు పనికిరాదు. వాగు ఒడ్డున ఏ పొద కిందో సర్దుకో. మూడు రోజుల్లో పిల్లలతో వచ్చేస్తాను.”

ఇంత ఇల్లిచ్చి పొద కిందికా అనుకుంటే నాంచారమ్మకు ఏడుపొచ్చింది. వాదించే ఓపిక మాత్రం లేదు. “చూద్దాంలే నాయనా,” అంది. భద్రయ్య దాన్నే మాటిచ్చినట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వాగు దగ్గర రత్తాలు ఎదురైంది.

“పిన్నీ! నువ్వింకా బతికే ఉన్నావా? ఆ చిరుత నిన్నేం చెయ్యలేదా?”

“చిరుతేమిటే?”

“గుమ్మంలో అన్నన్ని ఎముకలు పెట్టుకుని చిరుతేమిటంటావేం! ఆవుల్నే తిన్నవాడు నా పిల్లల్ని వదుల్తాడా?”

“అవి మా అమ్మమ్మ నాటి ఎముకలే. పళ్లకోసం కొరుక్కునేవి.”

“అది నీకు తెలుసు. మాకెలా తెలుస్తుంది?”

“మరి గుట్టెక్కలేమన్నారటగా?”

“ఎవరన్నారా మాట? ఆ గుట్టకోసమే కదా వచ్చింది! నీళ్లకొచ్చే ఊరకుక్కలు ఇక్కడ పిల్లల్ని బతకనివ్వడం లేదు.”

కుక్కలంటే నాంచారమ్మకు లెక్కలేదు. ముళ్లు ఒకసారి గుచ్చుకున్న కుక్క రెండోసారి దగ్గరికి రాదు. నక్క మీద కోపమొచ్చింది. నమ్మినందుకు తనమీద ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. “రేపు సాయంత్రం ఒక్కసారి రండి,” అని చెప్పి మళ్లీ గుట్టెక్కింది.

ఇంటి ముందు నిలబడి, ముంగిస ఎత్తుకు వంగి, లోపలికి చూసింది. ఆవిడకే గుండె ఝల్లుమంది.

ఇక ఆ రోజూ మర్నాడూ చాకిరీయే. మోసిన ఎముకలన్నీ మళ్లీ మోసి అవతలి లోయలో పడేసింది. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయని రాలిన తన ముళ్లన్నీ ఏరింది. కొత్త మట్టి చల్లి, నిమ్మగడ్డి పరిచింది. వెనక దారికి అల్లుకున్న తీగ కొరికేస్తే వెలుగొచ్చి లోపలి గది దాకా పడింది. ఇన్నేళ్లూ ఆ చీకట్లోనే బతికానే అని బాధేసింది. ఇంత బాగుంటే తనే ఉండిపోవచ్చుగా అనిపించింది కూడా. అంతలో మోకాలు కలుక్కుమని ఆ ముచ్చట తీర్చేసింది.

సాయంత్రం రత్తాలు పిల్లలు వస్తూనే గడ్డిలో పడి దొర్లారు. లెమ్మంటే లేవలేదు. రత్తాలు మొగుడి వంక చూసింది, మొగుడు తలూపాడు. వాగు ఒడ్డునున్న వాళ్ల బొరియ నాంచారమ్మదైంది.

మూడో రోజు ఆవిడ కిందికి దిగుతుంటే భద్రయ్య పెళ్లాంపిల్లలతో ఎదురొచ్చాడు.

“ఇల్లు రత్తాలుకిచ్చేశాను నాయనా.”

“అదేంటత్తా! నాకిస్తానన్నావుగా?”

“చూద్దాం అన్నాను. చూశాను.”

“మేం ఖాళీ చేసొచ్చిన గుహలో అడవిపిల్లి అప్పుడే ఈనేసింది! ఇప్పుడు మేమెక్కడికి పోవాలి?” అని నక్క పెళ్లాం మొగుడి మీద విరుచుకుపడింది. ఊళ్లోవాళ్ల ఇళ్లకు బేరాలు కుదర్చడమేగానీ సొంత పిల్లలకు నీడ చూడడం చేతకాదా అని గుట్టంతా వినబడేలా అడిగింది.

నాంచారమ్మకు నవ్వే ఓపిక కూడా లేదు. వాళ్లను తప్పుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ కిందికి దిగింది. మళ్లీ ఎక్కక్కర్లేని దిగుడు ఆవిడకు అదే మొదటిసారి.

నీతి: ఇల్లమ్మేవాళ్లు ముందుగా కొనేవాళ్ల కళ్లతో తమ గుమ్మంలో నిలబడి చూసుకోవాలి.